శారదాజలములు - విశాఖపు మురుగు

శారదానది అనంతగిరి కొండలలో బుట్టి, దేవరాపల్లి, చోడవరము, అనకాపల్లి సీమలను దడుపుచు బోయి, తుదకు రాంబిల్లి చేరువ సముద్రమున గలియుచున్నది. ఈ నదికి దేవరాపల్లి యొద్ద రైవాడ జలాశయమును గట్టిరి. దాని క్రింద సుమారు 15,000 ఎకరముల ఆయకట్టు కలదు. ఆ జలాశయపు నీటిలో కొంతభాగము చాలకాలముగా విశాఖపట్టణమునకు బోవుచున్నది. అచ్చట ఒక్కమారు వాడబడి, మురుగై, అందులో ఎంతయో భాగము మరల నెవరికిని అక్కరకు రాకుండ సముద్రము పాలగుచున్నది. 2022 ఏప్రిలులో జిల్లాలను విభజించినపుడు చోడవరము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో జేరినది. జిల్లా మారినది, కచేరీలు మారినవి, కాగితములపై మొహరులు మారినవి. నీరు పోవు దిక్కుమాత్రము మారలేదు.

దప్పిగొన్నవానికి నీరీయనని చెప్పు రైతు మన సీమలో లేడు. విశాఖపురవాసులు మన బిడ్డలే, మన బంధువులే. వారి త్రాగునీటిని ఎవ్వరును ఆక్షేపించుట లేదు. మన యాక్షేపణ వేరొకటి. కొండనీటిని దెచ్చి తోటలకు జల్లి, కట్టడములకు బోసి, యంత్రములను జల్లార్చి, ఆ వెనుక సముద్రమున గుమ్మరించి, వేసవి రాగానే మరల శారదవైపు చేయి చాపుటను మేమాక్షేపించుచున్నాము. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది ఈ వ్యవహారము. ఇచ్చట చెఱకుతోట యెండుచుండగా, అచ్చట అదే నీరు మురుగుకాలువలో బారుచున్నది.

లెక్క లేని వాదము న్యాయస్థానమున నిలువదు. కావున లెక్క చూతము. మన దేశమున పట్టణపు నీటి పథకములకు బ్రమాణముగా గైకొను కొలత మనిషికి దినమునకు 135 లీటర్లు. అందులో నూటికి ఎనుబది పాళ్లు మురుగై తిరిగి వచ్చునని యింజనీర్లు గణించెదరు. అనగా 108 లీటర్లు. 2011 జనగణన నాటికే విశాఖనగరపు జనసంఖ్య పదునేడు లక్షలు దాటినది. పదునేడు లక్షలనే తీసికొన్నను దినమునకు పదునెనిమిది కోట్ల లీటర్లకు మించిన మురుగునీరు తేలుచున్నది. సంవత్సరమునకు జూచిన రెండు టి.ఎం.సి.లకు పైచిలుకు. ఎకరమునకు నాలుగడుగుల లోతున పారించినను పదమూడువేల ఎకరములకు సరిపోవు నీరిది. రైవాడ ఆయకట్టు ఎంతయో పైన జెప్పితిమి. రెండంకెలను ప్రక్కప్రక్కన బెట్టి పాఠకులే చూచుకొందురుగాక! ఇది ప్రమాణమును బట్టి వేసిన లెక్కయే గాని కాలువలో కొలిచిన లెక్క కాదు. అయినను నగరము పారవేయు నీరు ఒక జలాశయమంత యున్నదని చెప్పుటకు ఇది చాలును.

నరవ, అప్పుఘర్ మొదలగు చోట్ల నగరమున శుద్ధికేంద్రములు వెలసినమాట నిజమే. కాని ఇల్లలుకగానే పండుగ యగునా? 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన లెక్కను జూడుడు. మన దేశపు పట్టణములలో దినమునకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుట్టుచుండగా, స్థాపించిన యంత్రముల శక్తి 3,184 కోట్ల లీటర్లు. నిజముగా శుద్ధియైనది 2,023 కోట్ల లీటర్లు మాత్రమే. అనగా నూటికి ఇరువదియెనిమిది పాళ్లు. కట్టిన యంత్రములలోనే మూడవవంతునకు మించిన శక్తి పని లేక పడియున్నది. ప్రారంభోత్సవపు శిలాఫలకములకు మాత్రము కొఱత లేదు.

వాడిన నీటిని తిరిగి వాడుడని ప్రజలు కోరినప్పుడెల్ల పెద్దలు చెప్పు సమాధానము ఒక్కటే: "ఏ పద్ధతి శ్రేష్ఠమో నిపుణులు పరిశీలించుచున్నారు." ఈ పరిశీలన ముగియునది కాదు, ఏలయన ప్రశ్నయే తప్పు. శ్రేష్ఠమైన పద్ధతి యనునది లేదు. ఏ పనికి ఎంత శుద్ధి కావలయునో, ఏ యూరికి ఏది తగునో అదియే ప్రశ్న. పొలమునకు బోవు నీటికి, బాయిలరులోనికి బోవు నీటికి, గొంతులోనికి దిగు నీటికి ఒకే కొలత పనికిరాదు. మేము వకీళ్లము గావున ఒక్కొక్క పద్ధతిని సాక్షివలె బోనులో నిలిపి ప్రశ్నింతము.

మురుగునీరనిన భయపడ నక్కరలేదు. అందులో వేయింట తొమ్మిదివందల తొంబదితొమ్మిది పాళ్లు నీరే. తక్కిన యొక్కపాలే మాలిన్యము. జల్లెడపట్టి గుడ్డపేలికలను, ఇసుకతొట్టిలో నిలిపి ఇసుకను తీసివేసిన పిమ్మట మిగిలిన మాలిన్యమును జీవాణువులు తినివేయును. అట్లు తినుటకు వాటికెంత ప్రాణవాయువు కావలయునో తెలుపు కొలతకే బి.ఓ.డి. యని పేరు. ఆ యంకె యెంత తగ్గిన నీరంత శుభ్రమైనట్లు.

మొదటి సాక్షి శుద్ధికుంటలు. మురుగును వరుసగా మూడు విధముల కుంటలలో దినముల తరబడి నిలుపుదురు. ఎండ, గాలి, పాచి, జీవాణువులు పనిచేయును. విద్యుచ్ఛక్తి అక్కరలేదు, యంత్రము లేదు గావున చెడిపోవుటయు లేదు. నీరు చాల దినములు ఎండలో నిలుచుటచేత రోగక్రిములును, పురుగుల గ్రుడ్లును బాగుగ నశించును. లోపమేమనగా పది లక్షల లీటర్లకు రెండు మొదలు అయిదు ఎకరముల నేల కావలయును. పైకి వచ్చు నీటిలో పాచి మిగులును. నేల బంగారముతో సమానమైన విశాఖలో ఇది కుదరదు. మన చోడవరమువంటి ఊళ్లకు ఇంతకంటె చవుకయైన చెలికాడు లేడు.

రెండవ సాక్షి యాక్టివేటెడ్ స్లడ్జి యను పద్ధతి. 1914లో మాంచెస్టరున ఆర్డెర్న్, లాకెట్ అను ఇరువురు దీనిని లోకమునకు వెల్లడించిరి. వారిని ఈ త్రోవకు బురికొల్పిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థకు ఆచార్యుడై వచ్చెను. అనగా ఈ విద్య మన దేశమున నడుగిడి నూరేండ్లు దాటినది. ఇంకను పరిశీలన యనుట సిగ్గుచేటు. మురుగులోనికి గాలి నూదుచు, జీవాణువులతో నిండిన మడ్డిని మరల మరల త్రిప్పి తెచ్చి కలుపుదురు. తక్కువ నేలతో సరిపోవును. కాని గాలియంత్రములు రాత్రింబవళ్లు తిరుగవలయును. కరెంటు బిల్లు కట్టలేని పురపాలకసంఘము యంత్రమును నిలిపినచో జీవాణువులు చచ్చును. మురుగు మురుగుగానే బయటబడును.

మూడవ సాక్షి యు.ఎ.ఎస్.బి. గాలి నూదకుండ, మూసిన తొట్టిలో అడుగునుండి పైకి మురుగును బారించు పద్ధతి యిది. హాలెండు దేశమున పుట్టి, గంగా కార్యాచరణ పథకము నాళ్లలో కాన్పూరు చేరినది. హైదరాబాదున అంబర్‌పేటలో దినమునకు 33.9 కోట్ల లీటర్ల కేంద్రము ఈ పద్ధతిపైననే కట్టబడినది. విద్యుత్తు ఖర్చు స్వల్పము. వంటకు, దీపమునకు బనికివచ్చు వాయువుకూడ పుట్టును. అయితే ఈ సాక్షి సగము నిజమే చెప్పును. దీనినుండి వచ్చు నీరు అసంపూర్ణశుద్ధము, దుర్వాసన వీడదు, దీని వెనుక మరియొక శుద్ధి లేనిచో తిరిగి వాడుటకు దగదు.

నాల్గవ సాక్షి ఎస్.బి.ఆర్. ఒకే తొట్టిలో నింపుట, గాలి నూదుట, తేర్చుట, పైనీటిని దీయుట వరుసగా జరుగును. బి.ఓ.డి. పదికి లోపలికి దిగును, నత్రజనియు తగ్గును, నేలయు తక్కువయే. నగరములకు తగిన పద్ధతి యిది. కాని గడియారపు లెక్కతో నడచు మరలు, అవి తెలిసిన పనివారు కావలయును. దీనికి చుట్టమే ఎం.బి.బి.ఆర్.; ఇందు తేలియాడు ప్లాస్టిక్కు బిళ్లలపై జీవాణువులు కాపురముండును. ఇఱుకు స్థలములకు, పాత కేంద్రముల శక్తి పెంచుటకు ఇది అనుకూలము.

అయిదవ సాక్షి ఎం.బి.ఆర్. జీవాణువుల పని ముగిసిన నీటిని అతిసూక్ష్మరంధ్రములుగల పొరలగుండ లాగుదురు. నీరు అద్దమువలె తేరును. క్రిములు చాలవరకు పొరకు వెలుపలనే నిలిచిపోవును. ఖర్చుమాత్రము పై వానియన్నిటికంటె నెక్కువ. పొరలు పూడుకొనును, మందులతో గడుగవలయును, కొన్నేండ్లకు మార్చవలయును. ఊరికంతటికి ఇదియే కావలయునని చెప్పువాడు నిపుణుడో, పొరల వర్తకుడో విచారింపవలసియున్నది.

ఇందొక ముఖ్యవిషయమును పాఠకులు గుర్తింపవలెను. పై అయిదింటిలో ఏదియు నీటిలో గరగిన ఉప్పును దీయజాలదు. జీవాణువు మాలిన్యమును తినును గాని ఉప్పును దినదు. ఉప్పునీరు బాయిలరులో పెచ్చు కట్టును. ఏండ్ల తరబడి పారించిన చెఱకునేలను చవుడు చేయును. దానికి రివర్స్ ఆస్మోసిస్ అను పద్ధతి కలదు. గట్టి ఒత్తిడితో నీటిని పొరగుండ నెట్టి ఉప్పును విడదీయుదురు. ఉప్పంతయు కూడిన మిగులునీటిని ఎచ్చట విడువవలెనన్నది దీని చిక్కు. అయినను సముద్రజలమును మంచినీరు చేయుటకగు విద్యుచ్ఛక్తిలో సగముకూడ దీనికి బట్టదు. ఏలయన మురుగులో ఉప్పు సముద్రములోకంటె ఎన్నోరెట్లు తక్కువ. సముద్రతీరమున నిలిచి, చేతిలోని తీపినీటిని సముద్రమున బోసి, మరల ఆ సముద్రమునుండి తీపినీటిని దీయ యత్నించువానిని ఏమందుము?

ఇంతకు సాక్ష్యమును బట్టి తీర్పేమి? చిన్నయూళ్లకు కుంటలు, నగరములకు ఎస్.బి.ఆర్. వంటివి, పరిశ్రమలకిచ్చు నీటికిమాత్రము ఆపై వడపోత, పొరలు, ఉప్పు తీయుట. పొలములకిచ్చు నీటిలో నత్రజని, భాస్వరములను పెక్కు ధనము పోసి తొలగించుట అవివేకము. రైతు సంచులతో గొనుచున్న ఎరువు అదియే గదా! కాని అదే నీటిని చెరువులో నింపదలచిన వానిని తొలగింపవలయును. లేనిచో చెరువంతయు గుఱ్ఱపుడెక్కతోను, పాచితోను నిండిపోవును. ఇన్నిటికిని ఒక షరతు. కర్మాగారముల విషజలములను మురుగుకాలువలో గలువనీయరాదు. లోహములు కలిసిన మురుగును ఏ జీవాణువును బాగుచేయలేదు.

ఇది జరుగు పనియేనా యని సందేహించువారికి ముంజేతి కంకణమున కద్దమేల? 1968నుండి ఆఫ్రికాలోని విండ్‌హోక్ నగరము వాడిన నీటిని శుద్ధిచేసి త్రాగునీటిలో గలుపుచున్నది. సింగపూరు 2003లో వాడిన నీటిని పొరలతోను, అతినీలలోహిత కిరణములతోను శుద్ధిచేసి ముఖ్యముగా పరిశ్రమలకు బంచుట యారంభించెను. మన దేశమున సూరతు నగరము 2014లో దినమునకు నాలుగుకోట్ల లీటర్ల శుద్ధజలమును పాండేసరా పరిశ్రమలకిచ్చు కేంద్రమును నెలకొల్పెను. నాగపురపు మురుగు శుద్ధియై కొరాడి విద్యుత్కేంద్రమును జల్లార్చుచున్నది. చెన్నపట్టణము 2019లో కొడుంగయ్యూరు, కోయంబేడులలో ఒక్కొక్కటి నాలుగున్నర కోట్ల లీటర్ల కేంద్రములు కట్టి పరిశ్రమల దాహమును మురుగుతోనే దీర్చనారంభించెను. తెలుగువారు పెక్కుమంది నివసించు కోలారు జిల్లాలో 2018నుండి బెంగుళూరు శుద్ధజలముతో ఎండిన చెరువులు నింపుచున్నారు. ఆ నీటికి శుద్ధి చాలలేదని కొందఱు న్యాయస్థానముల మెట్లెక్కిరి. ఇంకొక మెట్టు శుద్ధి కావలెనని కోరిరి. ఆ కోరికనుండి మనము నేర్వవలసినది చాల కలదు. నీరిచ్చినంతన చాలదు, ఎంత శుద్ధి చేసి యిచ్చెదరో వ్రాసి యీయవలెను.

విశాఖలో పరిశ్రమలకు కొదవయా? ఉక్కు కర్మాగారమునకు 153 కిలోమీటర్ల ఏలేరు కాలువ త్రవ్వి నీరు దెచ్చిరి. అంతదూరమునుండి నదిని దేగలిగినవారికి ఊరిలోని మురుగును నాలుగామడల దూరము చేర్చుట కష్టమా? పరవాడ యొద్ద సింహాద్రి విద్యుత్కేంద్రము తన యంత్రములను జల్లార్చుటకు సముద్రజలమునే వాడుచున్నది. అనగా తలచినచో తీపినీరు లేకయే పని జరుపవచ్చునని మన కన్నులయెదుటనే ఋజువైనది.

ఇక ప్రతివాదుల యభ్యంతరములు మూడు. మొదటిది, ధనము లేదని. రత్లాము పురపాలకసంఘము ఇట్లే వాదింపగా 1980లో సుప్రీముకోర్టు ఆ వాదమును ద్రోసిపుచ్చి, ధనలేమి మురుగుకాలువలు కట్టకుండుటకు సాకు కాజాలదని తీర్పు చెప్పెను. జస్టిస్ కృష్ణయ్యరుగారి ఆ తీర్పు నేటికిని న్యాయవాదుల చేతిలో ఆయుధమే. 1974 నాటి జలకాలుష్య నివారణచట్టము 24వ విభాగము మాలిన్యమును నీటివనరులలో విడుచుటను నిషేధించుచున్నది. 2017లో సుప్రీముకోర్టు స్థానికసంస్థలు మూడేండ్లలో శుద్ధికేంద్రములు నెలకొల్పవలెనని యాజ్ఞాపించెను. 2016 నాటి కేంద్ర విద్యుత్ సుంకవిధానము, పురపాలక శుద్ధికేంద్రమునకు 50 కిలోమీటర్ల లోపలనున్న ఉష్ణవిద్యుత్కేంద్రములు ఆ శుద్ధజలమునే వాడవలెనని నిర్దేశించినది. చట్టము కొఱవడలేదు, అమలు కొఱవడినది. మరియు పరిశ్రమ శుద్ధజలమునకు వెల చెల్లించును. సముద్రమేమి చెల్లించుచున్నది?

రెండవది, ఆరోగ్యభయము. ఇది న్యాయమైన భయము. దీనిని నవ్వి తోసివేయరాదు. హైదరాబాదు దిగువ మూసీతీరమున రైతులు దశాబ్దములుగా మురుగునీటితోనే గడ్డియు వరియు పండించుచున్నారు. గతిలేక చేయు పని యది, ఆదర్శము కాదు. పచ్చిగా దిను కూరలకు బారించు నీటిలో నూరు మిల్లీలీటర్లకు మలక్రిములు వేయి మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1989లోనే హద్దు గీచెను. హద్దు గీయుట, కొలుచుట, కొలిచినది ప్రజలకు దెలుపుట, ఈ మూడును జరిగిన భయమక్కరలేదు. కొలువని శుద్ధి శుద్ధి కాదు.

మూడవది, అసహ్యము. మురుగనగానే ముక్కు మూసికొనువారు చాలమంది. నది యొడ్డునగల ప్రతి యూరును ఎగువయూరి వాడిన నీటినే త్రాగుచున్నదను సత్యమును వారు మఱచుచున్నారు. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాయిఖానాల దుస్థితిని జూచి గాంధీమహాత్ముడు స్వయముగా చీపురు పట్టెను. మాలిన్యము సిగ్గుపడవలసినది కాదు, దానిని చూడకుండుట సిగ్గుపడవలసినదని ఆయన ఆచరణ చెప్పుచున్నది. మన అసహ్యమునకు వెల చెల్లించునది ఎవరు? మురుగుగోతిలో దిగి ఊపిరాడక ప్రాణములు విడుచు కార్మికుడు. 2013లో మనుష్యులచేత పాకీపని చేయించుటను నిషేధించుచు చట్టము వచ్చినను ఆ చావులు నిలువలేదు. యంత్రముతో శుభ్రపఱచుట ఏ శుద్ధిపథకమునకైనను మొదటి షరతు కావలెను.

ఇంతవరకు విశాఖను నిందించితిమి. ఇప్పుడు అద్దమును మనవైపు త్రిప్పుకొనక తప్పదు. చోడవరపు వీధికాలువల మురుగు తుదకు ఏ గెడ్డలో, ఏ చెరువులో గలియుచున్నదో ప్రతి పాఠకుడును నేటి సాయంకాలము తన వీధి చివరకు నడచి చూచుకొనవలెను. పదివేల జనముగల యూరిలో మనిషికి 108 లీటర్ల చొప్పున దినమునకు పదిలక్షల లీటర్లకు పైగా మురుగు పుట్టును. దానికి కావలసినది పదుల కోట్ల యంత్రము కాదు. కొన్ని యెకరముల కుంటలు, వాని యొడ్డున ఒక కావలివాడు, పంచాయతీలో కొంచెము పట్టుదల. శుద్ధియైన ఆ నీరు వేసవిలో పశుగ్రాసమునకు, చెఱకునకు జాలును. మన యింటి మురుగును మనము దిద్దుకొననిచో పట్టణమును ప్రశ్నించు నోరు మనకుండదు.

కావున మన కోరికలు నాలుగు. విశాఖనగరము దినమునకు ఎంత మురుగు శుద్ధిచేయుచున్నదో, అందెంత తిరిగి వాడబడుచున్నదో నెలనెలకు తెలుగున ప్రకటింపవలెను. పరిశ్రమలకు, తోటలకు, కట్టడములకు తీపినీటిని ఇచ్చుటకు ముందు శుద్ధజలమును ఇచ్చి తీరవలెను. అట్లు మిగిలిన ప్రతి లీటరును రైవాడ లెక్కలో రైతునకు జమకట్టవలెను. పెద్దపంచాయతీలకు కుంటల పద్ధతిపై శుద్ధికేంద్రములు కట్టుటకు నేలయు నిధియు నీయవలెను. వీనిలో మూడవది ప్రాణము. అది లేనిచో శుద్ధిచేసిన నీటితో నగరము మరింత పెరుగును గాని శారదకు ఒక్క చుక్కయు తిరిగి రాదు.

మన పఠనమందిరములలో పత్రికలు చదువుకొని మడిచిపెట్టి యిండ్లకు బోవుట అలవాటైనది. ఈ మారు మడిచిపెట్టుటకు ముందు ఒక కాగితము దీసికొని ఈ నాలుగు కోరికలను వ్రాసి, పదిమంది సంతకములు చేయించి, పంచాయతీకిని, కలెక్టరు కచేరికిని పంపుడు. జవాబు రానిచో సమాచారహక్కు చట్టము కలదు. దానికిని జవాబు రానిచో న్యాయస్థానము కలదు. రుసుము లేకుండ ఆ యర్జీలు వ్రాసిపెట్టు న్యాయవాదులు ఈ యూర లేకపోలేదు. శారద మన తల్లి యని పాటలు పాడుట చాలును. ఆమె నీటికి లెక్క యడుగుట నేర్చుకొందము.